విడిచి వెళ్ళినవారు

గడియారం పదకొండు కొట్టింది, ఎవరూ కదలలేదు. కదలరు కూడా. ఈ దేశపు విశ్వవిద్యాలయాల్లో పదకొండు అంటే పదకొండుంబావు అని అందరికీ పుట్టుకతోనే తెలుసు. మధ్యనున్న ఆ పావుగంట పాఠం చెప్పేవాడిదీ కాదు, వినేవాడిదీ కాదు, దేవుడు తూకం మీద ఇచ్చిన కొసరు లాంటిది. పెద్ద హాలు పక్కనున్న ఇరుకు గదిలో, నేలకు రుద్దిన మైనం వాసనలో, ప్రొఫెసర్ ఆర్నో ఎట్లింగర్ కుర్చీ అంచున కూర్చుని ఆ కొసరును ఏం చేసుకోవాలా అని చూస్తున్నాడు. కోటు భుజాలు తడిసి ఉన్నాయి. బయట వాన పడుతోంది. మోకాళ్ళ మీద రెండు కాగితాలు, కాసేపట్లో హాల్లో చదవవలసిన ప్రసంగం. రెండో కాగితంలో ఒక మాట కింద పెన్సిలు గీత ఉంది. మర్యాదస్తుడు గీసిన గీత, సన్నగా, రబ్బరుతో తుడిస్తే ఆనవాలు మిగలనంత తేలిగ్గా. విశ్వవిద్యాలయానికి పెద్ద, రెక్టర్ వీగాండ్ గీశాడు. ఆ మాట 'చంపారు'. అంచులో ముత్యాల్లాంటి అక్షరాలతో, దాని బదులు ఏమనాలో కూడా రాసిపెట్టాడు: 'మమ్మల్ని విడిచి వెళ్ళారు.'

విడిచి వెళ్ళారు. ఎంత మెత్తటి మాట, బాతు ఈకల దిండులాగా, తల పెట్టుకుంటే నిద్ర పట్టేస్తుంది. హాలు గోడకు బిగించిన ఇత్తడి ఫలకం మీద కూడా అదే చెక్కించారు, దానికిప్పుడు ఆకుపచ్చ గుడ్డ కప్పి ఉంది, పదకొండుంబావుకి తను ప్రసంగం చదివాక రెక్టర్ ఆ గుడ్డ లాగుతాడు, అప్పుడు అందరూ చదువుకుంటారు: చీకటి రోజుల్లో మమ్మల్ని విడిచి వెళ్ళిన మా సహోద్యోగుల స్మృతికి. కింద అయిదు పేర్లు. మూడోది సెల్మా ఎట్లింగర్, గ్రంథాలయం. చీకటి రోజులట. రోజులు వాటంతట అవే చీకటిపడ్డాయి కాబోలు, కార్తికంలో పొద్దు తొందరగా గుంకినట్టు, దీపం ఆర్పిన చెయ్యి ఏదీ లేనట్టు. చీకట్లో దారి కనబడక ఈ అయిదుగురూ ఎటో వెళ్ళిపోయారు కాబోలు, మర్యాదగా సెలవు తీసుకుని, గొడుగు మర్చిపోకుండా. సెల్మా అక్క వెళ్ళడమేమిటి? గ్రంథాలయం మూసే వేళకి ప్రతి బల్ల దగ్గరకీ వెళ్ళి దీపం ఆర్పి, కుర్చీ లోపలికి తోసి, మళ్ళీ ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని గానీ గుమ్మం దాటేది కాదు. ట్రాము తప్పిపోతుందే అని తను వానలో నిలబడి అరిచేవాడు. "ట్రాము మళ్ళీ వస్తుందిరా, కాలిపోయిన పుస్తకం రాదు," అనేది. ఆ మాట ఏ ముహూర్తాన అందో గానీ, తర్వాత ఈ భవనం ముందే పుస్తకాలు కాల్చారు, ఆర్పడానికి దీపాలే మిగల్లేదు.

నిన్న సాయంత్రం రెక్టర్ గదిలో కాఫీ, దానితో ప్లమ్ పండ్ల కేకు. రెక్టర్ చెడ్డవాడు కాడు, అదే కష్టం. చెడ్డవాడైతే ఎదురుగా నిలబడి ఒక మాట అనేసి రావచ్చు. ఈయన లేచి తనే కోటు అందించే రకం. "ఎట్లింగర్ గారూ, మీ గుండెకోత నాకు తెలియదా చెప్పండి. కానీ ముందు వరుసలో కూర్చునేవాళ్ళని కూడా చూడాలి కదా. వాళ్ళల్లో సగంమంది ఆ రోజుల్లోనూ ఇక్కడే పనిచేశారు." "అందుకే కదండీ చెప్పడం." "అదీ నిజమే, అదీ నిజమే. కానీ 'చంపారు' అనగానే 'ఎవరు' అని అడగాలనిపిస్తుంది. ఆ ప్రశ్న మొదలైతే ఎక్కడ ఆగుతుందో ఎవరికి తెలుసు? 'విడిచి వెళ్ళారు' అంటే ఎవరికీ ఏమీ అడగాలనిపించదు. అర్థం ఒకటే కదా, అందరికీ తెలిసిందే కదా." కేకు ముక్క నోట్లో పెట్టుకుని, కిటికీలోంచి చూస్తూ అన్నాడు, "బుధవారం సెనేట్ సమావేశంలో మీ సంస్థని మళ్ళీ ఇక్కడ నిలబెట్టాలా వద్దా అన్న విషయం వస్తుంది. చేతులెత్తవలసింది ఆ ముందు వరుసవాళ్ళే. నేను బెదిరించడం లేదు సుమా, వాతావరణం చెబుతున్నాను. వాన పడేలా ఉంటే గొడుగు తీసుకెళ్తాం కదా?" కర్రా విరగకూడదు, పామూ చావకూడదు, పామున్న సంగతి ఎవరూ ఎత్తకూడదు.

సంస్థ. ఆ మాట తలుచుకోగానే ఛాతీలో ఏదో బిగుసుకుంటుంది, బిడ్డ పేరు విన్నట్టు. తనకూ భార్య హెడెకీ పిల్లల్లేరు, సంస్థే ఉంది. మనుషులు తమ మెడకు తామే ఉచ్చు ఎందుకు బిగించుకుంటారు, ఎవరు బిగిస్తున్నారో కనబడకుండా ఎలా బిగిస్తారు అని పరిశీలించడానికి కుర్రతనంలో మొదలుపెట్టిన సంస్థ. ఇక్కడే, ఈ వీధి చివర, రెండు గదుల్లో. ఒక మార్చి నెల పొద్దున వచ్చి తాళం వేశారు. తను అప్పటికే సరిహద్దు దాటాడు. తర్వాత సముద్రం దాటాడు. అక్కడ ఎవరో దయతలచి ఇచ్చిన మేడ మీది గదిలో, పరాయి భాష మాట్లాడే టైపిస్టుతో, వేసవిలో తారు కరిగే ఎండలో, అదే పని. అక్కడే రాశాడు తన పెద్ద పుస్తకం, 'కర్త లేని వాక్యం'. చదివినవాళ్ళు తక్కువ, తిట్టినవాళ్ళు ఎక్కువ. ఆ పుస్తకంలో ఉన్నదంతా ఒక్కటే మాట, దానికి అన్ని వందల పేజీలు అక్కర్లేదని హెడె అంటుంది: ప్రపంచంలో అన్యాయం ముందు వాక్యంలో జరుగుతుంది. ధరలు పెరిగాయి అంటారు, పెంచినవాడు ఉండడు. ఉద్యోగాలు పోయాయి అంటారు, పీకినవాడు ఉండడు. ప్రకటన వెలువడింది, నిర్ణయం తీసుకోబడింది, చర్యలు చేపట్టబడ్డాయి. చేసినవాడు వాక్యంలోంచి మెల్లగా, పిల్లిలాగా, చెప్పులు చేత్తో పట్టుకుని జారుకుంటాడు. వాడు జారుకున్న వాక్యాలు రోజూ చదివి చదివి, మనకి వాడు లేడనే అలవాటవుతుంది. అప్పుడిక వాడేం చేసినా వానలాగా, జ్వరంలాగా, కర్మలాగా కనిపిస్తుంది. ఇది రాయడానికి తనకి పెద్ద పెద్ద తత్వవేత్తలు అక్కరకొచ్చారని విమర్శకులు రాశారు. కాదు. వంటింటి బల్ల దగ్గర అక్క చేతిలోని చెక్క గరిటె అక్కరకొచ్చింది.

వంటిల్లు, శుక్రవారం, కిటికీ అద్దాల మీద ఆవిరి. అమ్మ గసగసాలు చల్లే రొట్టె కోసం పిండిని జడలా అల్లుతోంది. తను లాటిన్ వాక్యం ముందు పెట్టుకుని గుడ్లప్పగించి చూస్తున్నాడు. సెల్మా అక్క ఏడు రకాల ఆకులు తరుగుతూ, తలెత్తకుండానే, "కర్త ఎక్కడ?" గరిటెతో బల్ల మీద ఒకటి. "కనబడటం లేదే." "కనబడకపోతే ఎక్కడో దాక్కున్నట్టు, లేనట్టు కాదు. క్రియ చెవి పట్టుకుని లాగు, కర్త వస్తాడు." తమ సొంత భాషలో కూడా పెద్ద వాక్యాలకి క్రియ చిట్టచివరికి గానీ రాదు, అప్పటిదాకా ఊపిరి బిగపట్టి వినాలి, ఎవర్ని, ఎక్కడ, ఎప్పుడు అన్నీ చెప్పి, ఏం చేశారో మాత్రం ఆఖర్న చెబుతారు. అందుకే చిన్నప్పుడు ఆ ఇంట్లో మధ్యలో మాట తుంచడం పెద్ద తప్పు. "వాక్యం పూర్తి కానీరా. చివరి మాట రాకుండా లేచిపోయేవాడు వినలేదన్నమాటే." పెన్సిలుతో చివరి మాట తుడిచేసేవాణ్ణి ఏమనాలి అక్కా? వాణ్ణి రెక్టర్ అంటార్రా తమ్ముడూ, అంటుంది, నవ్వుతుంది, ముందు పన్ను మీద పన్ను.

తలుపు తట్టకుండానే బంట్రోతు శ్నాట్స్ నీళ్ళ గ్లాసుతో వచ్చాడు. బట్టతల, ఎర్రటి ముక్కు, యుద్ధానికి ముందునుంచీ ఇదే నీలం చొక్కా. "వాన చూశారా ప్రొఫెసరుగారూ, హాలంతా తడి గొడుగులే, నేల తుడవలేక చస్తున్నా. పెద్దాళ్ళంతా వచ్చేశారు. ముందు వరుసలో టోపీల సంత." గ్లాసు పెట్టి, వెళ్ళకుండా, గోడకేసి చూశాడు. "ఫ్రాలైన్ ఎట్లింగర్‌ని, అదే మీ అక్కగారిని, నేనెరుగుదును. బంగారు మనిషి. నా కూతురికి జ్వరమొస్తే నిమ్మకాయలు పంపింది. పాపం, తీసుకెళ్ళారు." "ఎవరు?" "అదేనండీ, ఫ్రాలైన్‌ని." "ఆమెని కాదు శ్నాట్స్, ఎవరు తీసుకెళ్ళారు?" శ్నాట్స్ బుర్ర గోక్కున్నాడు. "అదే... వచ్చారు కదండీ, తీసుకెళ్ళారు. ఆదివారం పొద్దున. నేను వీధి చివర్న రొట్టెలు పట్టుకుని నిలబడ్డా. చేతిలో పెట్టె, మెడలో నంబరు రాసిన అట్ట ముక్క. నన్ను చూసి తలూపింది, మామూలుగా, సోమవారం కలుద్దాం అన్నట్టు." "వచ్చినవాళ్ళలో నీకు తెలిసినవాళ్ళెవరూ లేరా?" "ఊరు చిన్నది ప్రొఫెసరుగారూ," అన్నాడు శ్నాట్స్, ఇక తడి నేల గుర్తొచ్చింది, వెళ్ళిపోయాడు, తలుపు మెల్లగా వేసి. గ్లాసులో నీళ్ళు కొంచెంసేపు ఊగి ఆగాయి.

తీసుకెళ్ళారు. ఊళ్ళో ఎవర్నడిగినా అదే మాట. కూరగాయలమ్మే ముసలావిడ, ట్రాము కండక్టరు, ఎదురింటి డాక్టరు, అందరూ గొంతు కాస్త తగ్గించి, తల పక్కకి వంచి, తీసుకెళ్ళారు అంటారు, అద్దెకున్నవాళ్ళ సామాను బండివాళ్ళు వచ్చి తీసుకెళ్ళినట్టు. క్రియ చెవి పట్టుకుని లాగినా కర్త రాడు. వాడు ఊళ్ళోనే ఉన్నాడు, పొద్దున రొట్టె కొనుక్కుంటున్నాడు, ఈ పూట టోపీ ఒళ్ళో పెట్టుకుని ముందు వరుసలో కూర్చుని ఉండవచ్చు కూడా, వాక్యంలో మాత్రం ఉండడు. గూడ్సు షెడ్డు, సీలు వేసిన రైలు పెట్టెలు, తూర్పు వైపు. అక్కడితో ఆనవాలు లేదు. సమాధి లేదు, తేదీ లేదు, పోయినవాళ్ళకి ఏటేటా పెట్టే దీపం ఎప్పుడు పెట్టాలో తెలియదు. తమ యూదుల గుడికి వెళ్ళాడొకసారి, యుద్ధం అయ్యాక తిరిగొచ్చిన ఏడాది. దేవుణ్ణి నమ్మనని నలభై ఏళ్ళుగా చెప్పుకుంటూ వచ్చిన మనిషి తల మీద టోపీ పెట్టుకుని వెనక బల్ల మీద కూర్చున్నాడు. మిగిలిన గుప్పెడుమంది లేచి, పోయినవాళ్ళ కోసం చెప్పే ప్రార్థన మొదలుపెట్టారు. తనకి సగమే నోటికొచ్చింది. మిగతా సగానికి పెదాలు ఆడిస్తూ, అప్పుడు గమనించాడు, చిన్నప్పటినుంచీ వింటున్నా అప్పుడే గమనించాడు, ఆ ప్రార్థనలో చావు అన్న మాటే లేదు. మొదటినుంచి చివరిదాకా ఆయన నామం గొప్పది కావాలి, పవిత్రం కావాలి అనే ఉంది. బిడ్డ పోయిన తండ్రి చేత, అక్క పోయిన తమ్ముడి చేత దేవుణ్ణి పొగిడించి పంపేస్తారు. ఆ రాత్రంతా కోపంతో నిద్ర లేదు. ఇక్కడా అదేనా? ఇక్కడా చివరి మాట తుడిచేశారా?

కాదు. ఇప్పుడు, ఈ మైనం వాసనలో, ఈ సన్నటి పెన్సిలు గీత ముందు కూర్చుంటే తెలుస్తోంది, కాదు. ఆ ప్రార్థన వినేవాడికి అంతా తెలుసు. తెలిసినవాడికి ఏం జరిగిందో చెప్పనక్కర్లేదు, ఆయన ముందు నిలబడితే చాలు. ఆ నిలబడటమే ఫిర్యాదు కావచ్చు కూడా. ఎవరికి తెలుసు, అమ్మకు తెలిసేదేమో. అమ్మ దీపాలు వెలిగించి కళ్ళకు చేతులడ్డం పెట్టుకుని ఏం అడిగేదో ఎప్పుడూ చెప్పలేదు. ఇత్తడి ఫలకం సంగతి వేరు. అది మాట్లాడేది తెలిసీ తెలియనట్టు కూర్చున్నవాళ్ళతో. దేవుడి ముందు మౌనం చెల్లుతుంది, వీళ్ళ ముందు చెల్లదు. ఇంత చిన్న సంగతి తన పుస్తకంలో ఏ పేజీలోనూ లేదే అనిపించి, ఒంటరిగా ఉన్నా మొహం కొంచెం ఎర్రబడింది.

గోడ అవతల అడుగుల చప్పుడు, బెంచీల కిరకిర, దగ్గులు. హాలు నిండుతోంది. ఆ చప్పుడు తనకి మొదటి పాఠం నాటి చప్పుడు, పాతికేళ్ళ కుర్రాడు, గొంతు పీలగా. ఇక్కడి విద్యార్థులకి పాఠం నచ్చితే వేలి కణుపులతో బల్లల మీద తడతారు, నచ్చకపోతే బూట్లు నేలకేసి రాస్తారు. తను అయిదు నిమిషాలు చెప్పాడో లేదో, మొదలైంది, సర్రు సర్రుమని, ముందు వెనక వరుసలో, తర్వాత హాలంతా. చెమటలు పట్టి, కాగితాలు ఎగరేసుకుంటూ పది పేజీలు ఒక్క గుక్కలో చదివేసి బయటపడ్డాడు. గ్రంథాలయం మెట్ల మీద కూర్చుని ఇక నా వల్ల కాదు అన్నాడు. సెల్మా అక్క నిచ్చెన దిగకుండానే, చంకలో నాలుగు పుస్తకాలతో, "ఎవరన్నార్రా నీకు, నచ్చకపోతేనే కాళ్ళు రాస్తారని? వినబడకపోయినా రాస్తారు. పాత ఆనవాయితీ అదే, ఇంకోలా అర్థం చేసుకున్నది తర్వాతివాళ్ళు. పిరికివాడు అది కోపం అనుకుని పారిపోతాడు." "మరి ఏం చెయ్యాలి?" "వినబడలేదేమో అనుకుని మళ్ళీ చెప్పాలి. గట్టిగా." తను నవ్వాడు. తర్వాతి వారం కాళ్ళు రాస్తే మళ్ళీ చెప్పాడు. ఆ పై వారం కాళ్ళు ఆగిపోయాయి. నచ్చి ఆగాయో విసుగెత్తి ఆగాయో గానీ ఆగాయి. ఆమె ఎవరికీ భయపడేది కాదు, ఎలుకలకి తప్ప. రమ్మని తను ఎన్ని ఉత్తరాలు రాశాడు సముద్రం అవతలనుంచి! అమ్మ మెట్లు దిగలేదు, అమ్మను వదిలి ఎక్కడికి రాను, అంది. అమ్మ పోయాక వస్తానంది, అప్పటికి ఏ దేశమూ తలుపు తియ్యలేదు. విడిచి వెళ్ళింది ఎవరు? ఈ ఊరిని విడిచి వెళ్ళింది తను, హెడె, ఇంకా కాళ్ళున్నవాళ్ళు, టిక్కెట్టు దొరికినవాళ్ళు. ఆ మాట చెక్కించదలుచుకుంటే దాని కింద ఆర్నో ఎట్లింగర్ అని చెక్కించాలి, బతికున్న తన పేరు, ఇత్తడి మీద, మెరిసేలా. సెల్మా వెళ్ళలేదు. అయిదుగురిలో ఒక్కరూ వెళ్ళలేదు. వెళ్ళనివారిని విడిచి వెళ్ళారనడం, ఇంతకంటే పెద్ద అబద్ధం ఇంత చిన్న వాక్యంలో పట్టదు.

పొద్దున హెడె గుడ్డు పెంకు చెంచాతో పగలగొడుతూ అడిగింది. "అయితే ఆ ఒక్క మాట కోసం మళ్ళీ పెట్టెలు సర్దమంటావా?" రాత్రి అంతా చెప్పాడు, సెనేట్, బుధవారం, గొడుగు. "నీ ఇష్టం," అన్నాడు. "నా ఇష్టమట! ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి. నీ వాక్యాలు నేను టైపు చేసి చేసి నా వేళ్ళు వంకర్లు పోయాయి, ఒక్కటి పొట్టిగా రాశావా? ఒక్క దాంట్లో క్రియ మొదటి పేజీలో వచ్చిందా? ఇన్నాళ్ళకి మూడక్షరాల మాట రాశావు, అది కాస్తా కొట్టేసుకుంటావా?" గుడ్డు మీద ఉప్పు ఎక్కువ చల్లుకుని తిట్టుకుంది. "సంస్థ పోతే?" అన్నాడు. హెడె గుడ్డు పెంకులు ఏరి పళ్ళెంలో వేసింది. కిటికీ బయట వాన మొదలైంది. "కర్తల్ని దాచొద్దని చెప్పే సంస్థ," అంది, "కర్తని దాచితే గానీ బతకదంటే, అది బతికి మాత్రం ఏం చేస్తుంది ఆర్నో? ఇంట్లో గదిలో పెట్టుకుందాం. పుస్తకాలకి చోటు లేకపోతే నీ బూట్లు వరండాలో పెడదాం." గుమ్మం దగ్గర తను అలవాటుగా గొడుగు తీయబోతే చేతి మీద ఒకటి కొట్టింది. "అది ఉండనీ. రెక్టర్ గారు వాన పడుతుందన్నారుగా. తడుద్దాం." ఇద్దరూ తడుస్తూ ట్రాము ఎక్కారు. ఆవిడ టోపీ మీది ఈక వాలిపోయింది. ఎవరో చూసి నవ్వితే ఆవిడా నవ్వింది.

గడియారం పావు కొట్టింది. లేచాడు. పెన్సిలు గీతను తుడవలేదు, ఉండనిచ్చాడు, ఆ గీత వల్ల ఆ మాట ఇంకా బాగా కనిపిస్తోంది. తలుపు తీసి హాల్లోకి అడుగుపెట్టాడు. వేదిక దగ్గర దీపం, ఎడమ గోడ మీద ఆకుపచ్చ గుడ్డ, దాని తాడు దగ్గర చేతులు కట్టుకుని రెక్టర్, కళ్ళతో పలకరింపు. ముందు వరుసలో టోపీలు ఒళ్ళో పెట్టుకున్న పెద్దమనుషులు, ఇంతకాలం సుఖంగా తిన్న మొహాలు, కొన్ని దిగులు మొహాలు కూడా, అన్నీ ఒకే రకం అనుకోవడం తప్పు. రెండో వరుస చివర హెడె, వాలిన ఈకతో. వెనక విద్యార్థులు, ఆ రోజుల్లో పాలబుగ్గలతో ఉండి ఉంటారు, వాళ్ళకెవరు చెప్పి ఉంటారు, వాళ్ళ ఇళ్ళల్లోనూ తీసుకెళ్ళారనే చెప్పి ఉంటారు. మొదటి కాగితం చదివాడు, గౌరవనీయులైన అంటూ, మామూలుగా. రెండో కాగితం తిప్పాడు. "ఇక్కడ, ఈ గ్రంథాలయంలో," అని మొదలుపెట్టాడు, "ఏళ్ళ తరబడి మీ పుస్తకాలకు అట్టలు వేసిన, మీకు నిచ్చెన పట్టుకున్న, వేళ దాటాక మీ దీపాలు ఆర్పిన సెల్మా ఎట్లింగర్‌ను, ఆమెతో పాటు ఈ గోడ మీద పేర్లున్న నలుగురిని, వాళ్ళు ఎక్కడికీ వెళ్ళకుండా ఇక్కడే ఉండగా, ఈ ఊరి మనుషులు, ఈ ఊరి వీధుల్లోంచి, పట్టపగలు, రొట్టెలు కొనుక్కునేవాళ్ళు చూస్తుండగా, తీసుకెళ్ళి" — ఇక్కడ ఊపిరి తీసుకున్నాడు, రెక్టర్ చెయ్యి తాడు మీదికి వెళ్ళింది, వాక్యం ఆగిందేమో అని ఆశ కాబోలు — "చంపారు."

ముందు వరుసలో ఎక్కడో ఒక బూటు నేలకేసి రాసుకుంది. సర్రుమని. దాని పక్కన ఇంకోటి. విద్యార్థులు కాదు, పెద్దవాళ్ళు, తెల్ల జుట్టువాళ్ళు, విద్యార్థుల పనికి దిగారు, మొహాలు కదలకుండా, కాళ్ళు మాత్రమే, ఎవరివో తెలియకుండా, కాళ్ళకి కూడా కర్త లేకుండా. వరుస వరుసా అంటుకుంది. రెక్టర్ తాడు వదిలేసి కళ్ళు మూసుకున్నాడు. బుధవారం ఎలా ఉంటుందో తెలిసిపోయింది, అక్కడ ఎత్తబోని చేతులన్నీ ఇక్కడ కాళ్ళుగా వినిపిస్తున్నాయి. గుండె దడదడలాడుతోంది, పాతికేళ్ళ కుర్రాడి గుండెలాగే. నిచ్చెన మీంచి ఎవరో చూస్తున్నట్టు అనిపించింది, చంకలో పుస్తకాలతో. ఆర్నో ఎట్లింగర్ కళ్ళజోడు తీసి, తడిసిన కోటు అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. చప్పుడు తగ్గేదాకా ఆగలేదు, దాని మీంచే, వినయంగా, వెనక బల్లల దాకా వినబడేలా అన్నాడు:

"క్షమించాలి. వినబడలేదనుకుంటాను."

కాగితం పైకెత్తి వాక్యాన్ని మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. "ఇక్కడ," అన్నాడు, ఈసారి గట్టిగా, "ఈ గ్రంథాలయంలో..."